పాచిపెంట మీద పలుచని నీడ

గ్రహణమనగానే తెలుగువారి మనస్సులో ఒక దృశ్యం మెదులుతుంది. నిండు చంద్రుని అంచున నల్లని గాటు పడుతుంది. అది క్రమంగా పెరిగి బింబాన్ని కబళిస్తుంది. కొంతసేపటికి రాగి చెంబు వంటి ఎర్రని గోళం ఆకాశాన వ్రేలాడుతుంది. పట్టు, విడుపు, స్నానం, దానం, దర్భపోచలు, ఈ మాటలన్నీ ఆ దృశ్యం చుట్టూ అల్లుకొన్నవే. అయితే ఈ లక్షణాలలో ఒక్కటియు లేని చంద్రగ్రహణం మరియొకటి ఉన్నది. అది వచ్చినట్లు తెలియదు, పోయినట్లు తెలియదు. పంచాంగకర్త దానికి పట్టు విడుపులు వ్రాయడు. ఆలయాల తలుపులు దానికై మూయనక్కరలేదని పెద్దలే చెబుతారు. దానినే ఉపచ్ఛాయా చంద్రగ్రహణమంటారు. సంభవించే చంద్రగ్రహణాలలో మూడింట ఒక వంతుకు పైగా ఈ జాతివే. 2020లో వచ్చిన నాలుగు చంద్రగ్రహణాలును ఇటువంటివే.

కనబడీ కనబడని ఈ గ్రహణం గురించి బడిపంతులుకును విద్యార్థికిని ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చు. పని ఉన్నది. కంటికి స్పష్టంగా కనబడేదానిని నమ్ముట సులభం. అసలే లేనిదానిని కాదనుట కూడ సులభం. ఈ రెంటికి నడుమ, ఉన్నదో లేదో తేల్చుకొనుటకు కష్టపడవలసినది ఏదైనా ఎదురైనప్పుడే మనిషి చూపునకు, మాటకు పరీక్ష జరుగుతుంది. ఆ పరీక్షకు పాచిపెంట వంటి ఊరు చక్కని వేదిక.

సాలూరు దాటి ఒడిశాలోని సుంకి, కొరాపుట్టుల వైపు సాగే ఘాటు రోడ్డు ఎక్కే సీమ పాచిపెంట. ఒక వైపు మైదానం, మరియొక వైపు తూర్పు కనుమల వరుసలు. ఒకప్పుడు ఇది విశాఖపట్టణం జిల్లాలోని జమీ. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. కొండదొరలు, జాతాపులు, గదబలు మొదలైన గిరిజనుల గూడేలు ఈ మండలం కొండల మీద విస్తరించి ఉన్నవి. భూగోళం మీద ఇది సుమారు పద్దెనిమిదిన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. దేశపు గడియారాలన్నింటికి ఆధారమైన ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ దీనికి కొద్ది దూరంలోనే, కాకినాడ సమీపం నుండి పోతున్నది. అందువల్ల ఇచ్చట సూర్యుడు చెప్పే కాలానికి గడియారం చెప్పే కాలానికి సగటున రెండు మూడు నిమిషాలకు మించి తేడా ఉండదు. ఆకాశాన్ని గడియారంతో పోల్చి చూచే విద్యార్థికి ఇది ఊరక దొరికిన సౌకర్యం.

ఉపచ్ఛాయ అంటే ఏమిటో తెలుసుకొనుటకు చంద్రుని దాకా పోనక్కరలేదు. బడి ముందున్న జెండాకర్ర చాలును. ఉదయపు ఎండలో దాని నీడను మొదలు నుండి చివరి దాకా పరీక్షింపవలెను. మొదట నీడ అంచులు కత్తితో కోసినట్లుంటవి. చివరకు పోను పోను అంచులు అలుక్కుపోయి, నడిమి నలుపు సన్నగిల్లి, కొన వద్ద నీడ ఎక్కడ ముగిసినదో చెప్పుటకు వీలుకాకుండా పోతుంది. కారణమేమనగా, సూర్యుడు చుక్క కాదు, బింబం. ఆ బింబం మొత్తం మరుగుపడిన చోట దట్టమైన నీడ, అనగా ప్రచ్ఛాయ. బింబంలో కొంత భాగమే మరుగుపడిన చోట పలుచని నీడ, అనగా ఉపచ్ఛాయ. మనకును సూర్యునికిని నడుమ దూరం సూర్యుని వ్యాసానికి సుమారు 107 రెట్లు. అందుచేత ఏ వస్తువు నీడకైనను, వస్తువు నుండి ఎంత దూరం పోతే అందులో 107వ వంతు వెడల్పున అంచు అలుక్కుపోతుంది. జెండాకర్ర కొన నుండి నేలకు వెలుగు బాట అయిదు మీటర్లైతే అచ్చట అలుకుడు దాదాపు అయిదు సెంటీమీటర్లు. కర్ర లావు కూడ అంతే అయితే నడిమి నలుపు అక్కడితో అంతరించిపోతుంది.

ఈ లెక్కనే భూమికి వర్తింపజేస్తే విద్యార్థికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. భూమి నుండి చంద్రునికి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. దానిని 107 చేత భాగిస్తే దాదాపు 3,600 కిలోమీటర్లు వస్తుంది. చంద్రుడున్న దూరంలో భూమి నీడ అంచున ఏర్పడే పలుచని వలయం వెడల్పు ఇదే. ఆ వలయం లోపల దట్టపు నీడ వ్యాసం సుమారు 9,150 కిలోమీటర్లు. ఇక చంద్రుని వ్యాసమెంత? 3,474 కిలోమీటర్లు. అంటే, పలుచని వలయం చంద్రుడు పట్టీ పట్టనంత వెడల్పు మాత్రమే కలది. దట్టపు నీడను తాకకుండా, వెలుపలి వెలుగులోనికి పొడుచుకొని రాకుండా చంద్రుడు మొత్తం ఆ వలయంలో ఇముడుట చాల అరుదు. తరచుగా జరిగేదేమనగా, చంద్రుని బింబంలో కొంత భాగం పలుచని నీడలో మునిగి, తక్కిన భాగం పూర్తి ఎండలో ఉండుట. జెండాకర్ర నీడ దగ్గర మొదలైన భాగహారం చంద్రుని దాకా పోయి సరిగా సరిపోవుట చూచిన పిల్లవాడు గణితాన్ని మరి ద్వేషింపడు.

పాచిపెంట మీదుగా ఇటీవల ఇటువంటి గ్రహణాలు మూడు ముఖ్యమైనవి పోయినవి. మొదటిది 2020 జనవరి 10వ తేదీ రాత్రి. అది పుష్య పౌర్ణమి. భోగికి నాలుగు రోజుల ముందు. కొండలలో చలి ముదిరిన కాలం. రాత్రి 10 గంటల 38 నిమిషాలకు మొదలై, 12 గంటల 40 నిమిషాలకు మధ్యకు చేరి, 2 గంటల 42 నిమిషాలకు ముగిసినది. ఆ వేళకు చంద్రుడు పాచిపెంట వారికి దాదాపు నడినెత్తిన ఉన్నాడు. బింబం వ్యాసంలో నూటికి 90 వంతులు పలుచని నీడలో మునిగినది. రెండవది అదే సంవత్సరం జూన్ 5వ తేదీ రాత్రి, జ్యేష్ఠ పౌర్ణమి నాడు. తెలుగు రైతుకు అది ఏరువాక పున్నమి. మధ్యకాలం తెల్లవారితే 6వ తేదీ అనగా అర్ధరాత్రి దాటి 12 గంటల 55 నిమిషాలు. అప్పుడు మునిగినది నూటికి 57 వంతులు మాత్రమే. మూడవది 2023 మే 5వ తేదీన, వైశాఖ పౌర్ణమి, బుద్ధ జయంతి నాడు. రాత్రి 8 గంటల 44 నిమిషాలకు మొదలైనది, 10 గంటల 52 నిమిషాలకు మధ్య, ఒంటి గంట దాటిన నిమిషానికి ముగింపు. ఈసారి నూటికి 96 వంతులు. దట్టపు నీడ చంద్రుని ఉత్తరపు అంచుకు అతి సమీపంగా వచ్చి, తాకక తప్పిపోయినది.

ఈ మూడింటిలో కంటికి కనబడదగినది ఏది? ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. కన్ను త్రాసు వలె వెలుగును తూచదు, పోల్చి చూస్తుంది. పలుచని వలయంలో వెలుపలి సగంలో ఉన్న చంద్రభాగానికి సూర్యుని వెలుగు సగం కంటె ఎక్కువగానే అందుతూ ఉంటుంది. పున్నమి చంద్రుని తళతళలో ఆపాటి తరుగు కంటికి ఆనదు. సాధారణంగా బింబం నూటికి అరువది డెబ్బది వంతులైనను మునిగితే గాని మామూలు కన్ను తేడా పసికట్టలేదని అనుభవజ్ఞులంటారు. అందుచేత 2020 ఏరువాక పున్నమి నాటి గ్రహణం లెక్కలలో ఉన్నదే గాని కంటికి లేనట్లే. జనవరి నాటిది శ్రద్ధగా చూచినవారికి దక్షిణపు అంచున కొద్దిగా మసి పూసినట్లు తోచదగినది. 2023 మే నాటిది మూడింటిలో ఉత్తమం. ఆ రాత్రి చంద్రుని ఉత్తరపు కొన మీద ఎవరైనా నిలిచి ఉన్నట్లయితే, వారికి సూర్యుడు దాదాపు మొత్తంగా భూమి చాటున దాగి, సన్నని వెలుగు చీలిక మాత్రమే మిగిలి ఉండేవాడు. దక్షిణపు కొన మీద ఉన్నవారికి పూర్తి ఎండ. అందువల్ల బింబం ఒక వైపు తెల్లగా, ఒక వైపు పొగచూరిన గోడ వలె ఉండుటకు తగిన స్థితి ఏర్పడినది. అదైనను మధ్యకాలానికి అటు ముప్పావు గంట, ఇటు ముప్పావు గంట మాత్రమే. 8 గంటల 44 నిమిషాలకు బయటకు వచ్చి తలయెత్తి చూచి, ఏమీ లేదని లోపలికి పోయినవాడు తప్పు చూడలేదు. తప్పు వేళకు చూచినాడు.

మరియొక విశేషం. నక్షత్రాలను చూచుటకు పల్లె ఆకాశం మేలు, పట్నపు దీపాలు చేటు. పున్నమి చంద్రుని విషయంలో ఆ భేదం లేదు. విశాఖపట్టణం సముద్రపు టొడ్డున నిలిచినవానికిని, పాచిపెంట కొండ గూడెంలో అరుగు మీద కూర్చున్నవానికిని చంద్రుడొక్కటే. దుర్భిణి లేని బడి, ప్రయోగశాల లేని బడి ఈ పరిశీలనలో ఎవరికిని తీసిపోదు.

పరికరాలు లేవని నిరాశపడేవారికి ఈ కొండలకు ఆవల ఒక సమాధానమున్నది. ఒడిశాలోని ఖండపడాలో 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరుడు దూరదర్శిని సాయం లేకుండ, వెదురు, కర్ర సాధనాలతో గ్రహచారాలను కొలిచి, 'సిద్ధాంత దర్పణం' అనే సంస్కృత గ్రంథం రచించినాడు. ఈవల, విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావు మద్రాసు నక్షత్రశాలలో టేలరు వద్ద విద్య నేర్చి, 1840 ప్రాంతంలో స్వంత ధనంతో నక్షత్రశాల కట్టించినాడు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటుటను పరిశీలించినాడు. ఒకరు వెదురు పట్టినారు, ఒకరు దుర్భిణి పట్టినారు. చూచినది చూచినట్లు వ్రాసి పెట్టుట మాత్రం ఇరువురికీ ఒక్కటే వ్రతం. అంతకు చాల పూర్వం, క్రీస్తు శకం 499 నాటికే ఆర్యభటుడు చంద్రుని కప్పేది భూమి నీడయేనని స్పష్టంగా చెప్పి ఉన్నాడు. రాహు కేతువుల కథ పురాణానికి, నీడ లెక్క గణితానికి అని విభజించుకొనుట ఈ దేశానికి కొత్త గాదు. పంచాంగం వ్రాసే సిద్ధాంతి గ్రహణకాలం గుణించేది నీడ లెక్కతోనే.

ఇక అసలు చిక్కు. తెలుగులో పెదవి చీలి పుట్టిన బిడ్డ లోపానికి ఉన్న పేరే 'గ్రహణం మొర్రి'. ఒక వ్యాధికి భాషలో పెట్టిన పేరు వ్యాధి కంటె మొండిది. చుట్టాలు, ఇరుగు పొరుగు ఆ బిడ్డను చూచినప్పుడెల్లా, తల్లి ఏనాడో గ్రహణపు వేళ బయటికి వచ్చినదని, కూర తరిగినదని, కదిలినదని నేరం ఆమె మీద మోపుతారు. ఆ పేరు పలికినప్పుడెల్లా తీర్పు మళ్లీ వినబడుతుంది. పత్రికలలో, టెలివిజనులో గ్రహణమనే మాట రాగానే, అది పలుచని నీడయా, దట్టపు నీడయా అన్న విచక్షణ లేకుండ, గర్భిణులను చీకటి గదిలో కదలకుండ పడుకోబెట్టేవారు నేటికీ ఉన్నారు. నాలుగు గంటల పదిహేడు నిమిషాల గ్రహణమైతే అంతసేపును అన్నం లేదు, మంచినీరు లేదు. మే నెల ఉక్కలో నిండు నెలల మనిషికి అది చిన్న శిక్ష కాదు.

వైద్యశాస్త్రం ఏమి చెబుతున్నది? గర్భస్థ శిశువు పెదవి రెండు వైపుల నుండి వచ్చి కలిసేది నాలుగవ వారం మొదలు ఏడవ వారం లోపల. అంగిలి మూసుకొనేది సుమారు ఆరవ వారం నుండి తొమ్మిదవ వారం లోపల. తాను గర్భవతినని తల్లి గట్టిగా తెలుసుకొనే నాటికే పెదవి కూడిక చాల వరకు ముగిసిపోతుంది. ఏడవ నెలలో, ఎనిమిదవ నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే కూడిన పెదవిని చీల్చలేదు. ఆ మొదటి వారాలలో కూడిక తప్పుటకు వంశపారంపర్యం, ఫోలిక్ ఆమ్లం వంటి పోషకాల లోపం, కొన్ని మందులు, పొగాకు మొదలైనవి దోహదం చేస్తవి. ఉత్తరాంధ్ర పల్లెలలో చుట్ట మండే కొనను నోటి లోపల పెట్టుకొని కాల్చే అడ్డచుట్ట అలవాటు స్త్రీలలో అనాదిగా ఉన్నది. గ్రహణం నాడు గర్భిణిని గదిలో పెట్టి గడియ వేసే పెద్దలే ఏడాది పొడుగునా ఆ పొగను పట్టించుకోరు. చంద్రుని నీడకు భయపడి, నోటిలోని నిప్పుకు భయపడకపోవుట ఎంతటి విపరీతం! ప్రపంచంలో సుమారు 700 కాన్పులకు ఒకటి చొప్పున, గ్రహణాలు ఉన్న సంవత్సరాలలోను లేని సంవత్సరాలలోను, ఈ లోపంతో బిడ్డలు పుడుతూనే ఉన్నారు. శస్త్రచికిత్సతో పెదవిని పుట్టిన కొన్ని నెలలలోనే, అంగిలిని సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర లోపల సరిచేయవచ్చును. తల్లి మీద మోపిన నిందకు మాత్రం శస్త్రచికిత్స లేదు. చదువే దానికి మందు.

ఉపచ్ఛాయా గ్రహణం ఈ వాదంలో గొప్ప సాక్షి. తక్కిన గ్రహణాలకు పెద్దలు ముందుగా హెచ్చరిస్తారు కనుక, భయపడి లోపల ఉన్నందువల్లనే కీడు తప్పినదని చెప్పుకొనుటకు అవకాశమున్నది. పంచాంగం లెక్కింపని ఈ గ్రహణాలకు ఆ అవకాశం లేదు. 2020 ఏరువాక పున్నమి రాత్రి కొండ గూడేలలో, మైదానపు పల్లెలలో, దేశమంతట ఎందరు గర్భిణులు ఆరుబయట నులక మంచాల మీద ఆదమరచి నిద్రపోయి ఉంటారు! నీడ వచ్చినది, వారి మీదుగా పోయినది. వచ్చినదని వారికి తెలియదు. వారికి చేసినదియు ఏమీ లేదు. చంద్రుడు ఇచ్చేది సూర్యుని వెలుగే. గ్రహణంలో ఆ వెలుగు కొంత తగ్గుతుందే గాని, కొత్త కిరణమేదియు అందులో చేరదు. చంద్రగ్రహణాన్ని వట్టి కంటితో చూచుట ఏ వయస్సువారికిని హాని కాదు. సూర్యగ్రహణానికి మాత్రం ఈ మాట వర్తింపదు. దానిని తగిన రక్షణ లేక చూస్తే కన్ను పోతుంది. ఈ రెంటికి గల భేదం ప్రతి ఉపాధ్యాయుడు ప్రతి తరగతిలో చెప్పవలసినది.

ఇట్లు చెప్పేటప్పుడు పెద్దలను ఎగతాళి చేయుట తగదు. స్నానమాచరించి జపం చేసుకొనే వృద్ధునితో తగవు అవసరం లేదు. అది ఆయన ఇష్టం. గర్భిణికి అన్నం పెట్టకపోవుట మాత్రం ఒకరి ఇష్టానికి విడిచిపెట్టే విషయం కాదు. గిరిజన గూడెంలో అవ్వ మాట కాదని కోడలు అన్నం తినలేకపోవచ్చును. బడికి పోయే మనుమడు చెబితే అవ్వ వింటుంది. చెప్పేవాడు తాను చూచి చెప్పవలెను.

కనుక చూచే పద్ధతి ముఖ్యం. పిల్లల చేత ముందుగానే కాగితం మీద రూపాయి బిళ్లంత వలయాలు అయిదారు గీయించి, ప్రక్కన వేళ వేయించవలెను. అరగంట కొకసారి చంద్రుని చూచి, ఏ వైపైన మసక తోస్తే పెన్సిలుతో అచ్చట పూయవలెను. ఒకరిది ఒకరు చూచుకొనరాదు, మాట్లాడుకొనరాదు. ఏ వైపు నీడ పడుతుందో ఉపాధ్యాయుడు ముందుగా చెప్పరాదు. చెబితే లేని నీడ కూడ కనబడుతుంది. తళతళ తగ్గుటకు సన్నని మబ్బు తెర మంచిదే. లేకున్న అరచేయి చాటు చేసి చూడవచ్చును. సెల్‌ఫోను ఉన్నవారు వెలుగు కొలత మార్చకుండ ఒకే తీరున ఫోటోలు తీసి పోల్చవచ్చును. మరునాడు కాగితాలన్నీ బల్ల మీద పరచి, ఎందరు ఏ వేళ ఏ వైపు గుర్తించినారో లెక్కించవలెను.

అప్పుడు ఒక పిల్లవాడి కాగితంలో అయిదు వలయాలును తెల్లగానే ఉండవచ్చును. క్రింద 'ఏమీ కనబడలేదు' అని వ్రాసి ఉండవచ్చును. ప్రక్కవాని కాగితం చక్కగా మసి పూసి ఉండవచ్చును. ఉపాధ్యాయుని నిజాయితీకి పరీక్ష ఇక్కడనే. గ్రహణం వచ్చిన మాట నిజం. అయినను ఆ పిల్లవాని కాగితం కూడ నిజమే. కన్నులందరివి ఒక్కటి గావు. వానికి సున్నా వేస్తే, రాబోయే సారి వాడును మసి పూస్తాడు. కనబడనిది కనబడినట్లు వ్రాయుట ఆనాడే నేర్చుకొంటాడు. ఆ విద్య పెరిగి పెద్దదైతే, జరగనిది జరిగినదని ఒక తల్లి మీద నింద మోపేవారి వరుసలో వాడును నిలుస్తాడు. ఆ తెల్లని వలయాల క్రింద 'సరి' అని వ్రాసి సంతకం పెట్టుట ఉపాధ్యాయుని కర్తవ్యం.

2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి దేశమంతటికి కనబడదగిన సంపూర్ణ చంద్రగ్రహణం సంభవించినది. 82 నిమిషాల పాటు చంద్రుడు దట్టపు నీడలో మునిగి ఉన్నాడు. అటువంటిది చూచుటకు శిక్షణ అక్కరలేదు. 2027 ఫిబ్రవరి 21వ తేదీ వేకువ, మాఘ పౌర్ణమి గడియలలో వచ్చే ఉపచ్ఛాయా గ్రహణానికి శిక్షణ కావలెను. దాని మధ్యకాలం వేకువ 4 గంటల 43 నిమిషాలు. ఆ వేళకు పాచిపెంటలో చంద్రుడు పడమటి కొండల మీద కొంచెం ఎత్తున ఉంటాడు. గ్రహణం ముగిసే లోపలనే కొండల చాటుకు దిగిపోతాడు. ఈసారి మునిగేది నూటికి 93 వంతులు. శ్రద్ధగల కంటికి అందదగినదే. చలికి దుప్పటి కప్పుకొని, చేత కాగితం, పెన్సిలు పట్టుకొని పిల్లలు బడి ముందర చేరితే చాలును. ఇంటికి పోయి వారు ఏమి కనబడినదో అవ్వకు చెబుతారు. ఏమీ కనబడకున్న అదియు చెబుతారు. ఆ ఇంట గర్భిణి ఉంటే, ఆమె ఆనాడు వేళకు అన్నం తింటుంది.